మూడు పాళ్లు, ఒక గద్ద

మా అన్న నాతో మాట్లాడక మూడేళ్లయింది. మూడేళ్లు అంటే వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, విడదీసి చూస్తే వెయ్యిన్ని తొంభై ఐదు రోజులు. ఆయన ఉండేది ఎల్లారెడ్డిలో, నేను ఉండేది కామారెడ్డిలో. మధ్యలో బస్సుకు గంటంబావు దారి. ఈ మూడేళ్లలో ఆ దారి సాగి సాగి, నా లెక్కన దుబాయి కంటే దూరమైపోయింది. దుబాయి నుంచి మా బాపు కనీసం నెలకో ఉత్తరమైనా రాసేవాడు.

అలాంటి రోజుల్లో ఒక బుధవారం నేను దఫ్తరులో టిఫిను డబ్బా మూత తీస్తుండగా అక్క ఫోన్ చేసింది. అన్న పెద్ద, అక్క నడిపి, నేను చిన్న. అక్కది నిజాంసాగర్. అక్కడి డ్యాము గేట్లన్నీ ఒక్కసారే ఎత్తితే ఎంత చప్పుడో, ఫోన్లో మా అక్క మామూలు గొంతు అంత.

"తమ్మీ, ఆటల పెట్టె దొరికింది."

"ఏ ఆటల పెట్టె?"

"ఏ పెట్టె ఏందిరా! బాపు దుబాయి నుంచి తెచ్చిన టీవీ ఆట. అన్న సజ్జ మీది సామాను దింపుతుంటే ఇత్తడి గంగాళంల దొరికిందట. ఐతారం నాడు పంపకం. రా."

"అన్న రమ్మన్నడా?"

అంతటి గొంతూ సగానికి తగ్గింది.

"అన్న పంపకం పెడ్తనన్నడు. చిన్నోడు లేకుంటే పంపకం నడ్వదు. గంతే."

మా దిక్కున అన్నదమ్ముల పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు పాళ్లు పెట్టాలి. చిన్నవాడు ముందు కోరుకోవాలి. తర్వాత నడిపివాళ్లు. అందరూ ఎంచుకోగా మిగిలిందే పాళ్లు పెట్టినవాడికి. అందుకని పెద్దవాడు చచ్చినట్టు సమానంగా పెడతాడు. మమ్మల్ని కన్న అవ్వ పోయిన ఏడాది మా భూమి అట్లాగే పంచుకున్నాం, కోర్టు అమీన్లు లేరు, గట్ల మీద అరుపులు లేవు. అప్పుడు "నాకేం వద్దు, మీరే తినుండ్రి" అన్న మా అక్క, ఈ ప్లాస్టిక్ పెట్టెలో మాత్రం మూడో వాటా ఖచ్చితంగా కావాలంది. ఎకరాల కంటే ఆటలు విలువైనవని తెలిసిన మనిషి.

అన్న ఎందుకు మాట్లాడడో చెప్పాలి. తప్పు నాదే. నా నోటిది.

మూడేళ్ల కింద అన్న బిడ్డకు పెళ్లి కుదిరింది. మగపెళ్లివారిది మాచారెడ్డి. నిశ్చితార్థం రోజు భోజనాల దగ్గర అంతా బిగుసుకుని కూర్చున్నారు. అలాంటి చోట నా నోరు ఊరుకోదు. నాలుగు నవ్వులు పూయిద్దామని మా చిన్నప్పటి ట్యాంకుల ఆట కథ ఎత్తాను.

ఆ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. తెర అడుగున ఇటుకల గూడు, అందులో గద్ద బొమ్మ. పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతుంటాయి. ఇద్దరు ఆటగాళ్లు రెండు ట్యాంకులతో వాటిని కాల్చి గద్దను కాపాడాలి. గద్దకు ఒక్క గుండు తగిలిందా, ఆట ఖతం. ఎవరి గుండైనా సరే. ఆ ఆటను తయారు చేసిన మహానుభావుడు శత్రువు గుండుకూ, సొంతవాడి గుండుకూ తేడా పెట్టలేదు.

విందులో నేను చెప్పింది ఇది: మా అన్న ముప్పై నాలుగో స్టేజీలో తన గద్దను తానే కాల్చుకున్నాడనీ, ఆ దుఃఖంతో మూడు రోజులు మెతుకు ముట్టలేదనీ, వాడకట్టంతా పరామర్శకు వచ్చిందనీ, పదకొండో రోజు గద్దకు దినం చేస్తే తప్ప లేవనని నేల మీద దొర్లాడనీ. నిజంగా జరిగిందేమిటంటే, ఆ పూట ఒక్కటి ఆయన అన్నం తినలేదు.

మాచారెడ్డివాళ్లు నవ్వారు. పెళ్లికొడుకు చిన్నాయన అయితే పెరుగన్నం కలిపిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుని, మా అన్న వైపు తిరిగి, "ఏం గద్ద బావా, నిజమేనా?" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి మాచారెడ్డిలో మా అన్నకు అదే పేరు. బిడ్డను చూడబోతే గద్ద బావ వచ్చిండు. మనవడి బారసాలకు పోతే గద్ద తాత వచ్చిండు. ఎల్లారెడ్డి బజారులో ఇనుప సామాను దుకాణం పెట్టి, ఇరవై ఏళ్లుగా 'సేటు' అనిపించుకున్న మనిషి, వియ్యంకుల ఊళ్లో పక్షి అయిపోయాడు.

ఆదివారం పొద్దున నేను చొక్కా వేసుకుంటుంటే మా ఇంటావిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏ ఆటనన్న తెచ్చుకో. ట్యాంకుల ఆట పేరు మాత్రం ఎత్తకు. నోరు మూస్కొని పో, నోరు మూస్కొని రా."

"కోరుకోవాలంటే నోరు తెరవాలి కదనే."

"ఏలు చూపెట్టు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏ ఆట వైపు వేలు చూపించాలో లెక్క తీశాను. క్యాసెట్లు మొత్తం ఐదు. మీసాలవాడు గెంతుకుంటూ పోయే ఆట ఒకటి. మంచిదే, కానీ ఒకరు చచ్చేదాకా ఇంకొకరు గోళ్లు కొరుక్కోవాలి. మా అన్న తొందరగా చచ్చే రకం కాదు, ఆ రోజుల్లో నా చేతికి గోళ్లే లేవు. తుపాకీతో బాతులను కొట్టే ఆట ఇంకొకటి. టీవీ అద్దానికి తుపాకీ ఆనించి కాల్చి, ఎల్లారెడ్డి తాలూకాలోనే నన్ను మించిన వేటగాడు లేడనిపించుకున్నాను. మూడోది పైనుంచి ఇటుకలు పడే ఆట, అక్క సొత్తు. ఆమె ఇప్పటికీ వడ్ల బస్తాలు సందు లేకుండా అట్లాగే పేర్పిస్తుంది. నాలుగోదాని అట్ట మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసి ఉంటుంది, లోపల ఉండేది ఒక్కటే కారు పందెం, కార్ల రంగులు వేరు. పెంచి చెప్పడంలో నేను గురువుగా ఒప్పుకునేది ఆ క్యాసెట్టునొక్కదాన్నే.

ఐదోది ట్యాంకులది.

లింగంపేట దాటాక నాతో నేను అబద్ధం ఆడటం మానేశాను. నాకు ఇష్టమైన ఆట అదే. వేరే ఏ ఆటలోనైనా అన్న ఆడుతుంటే నేను చూశాను, నేను ఆడుతుంటే అక్క చూసింది. ఒకే తెర మీద, ఒకేసారి, ఆయన పసుపు ట్యాంకు, నా పచ్చ ట్యాంకు పక్కపక్కన నడిచింది ఆ ఒక్క ఆటలోనే. నడవనిచ్చినంతసేపు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇంతవరకు మా ఇంటావిడకు కూడా చెప్పలేదు.

ఆ గద్దను కొట్టింది మా అన్న కాదు. నేను.

నాకప్పుడు పదకొండేళ్లు, ఆయనకు పదిహేను. ముప్పై నాలుగో స్టేజీ. మా ఇంట్లో టీవీ ముందు వెయ్యి మంది జనం. సరే, పదకొండు మంది. ఆ ఆటలో అప్పుడప్పుడు తెర మీద నక్షత్రం మెరుస్తుంది. దాన్ని తాకిన ట్యాంకుకు బలం పెరుగుతుంది. ఆ రోజు ఆరు నక్షత్రాలు వచ్చాయి, ఆరూ ఆయనే తీసుకున్నాడు. ఆరోది నా ట్యాంకు ముందు, వెంట్రుక వాసి దూరంలో ఉంది. పసుపు ట్యాంకు నన్ను అడ్డుకుని మరీ ఎత్తుకుపోయింది. నా చేతులు నా మాట వినలేదు. గొట్టం గద్ద వైపు తిప్పాను. సరిగ్గా అదే సమయానికి ఆయన కూడా ఒక శత్రువును కాల్చబోయి అటే కాల్చాడు. తెర మీద రెండు గుండ్లు, ముందు తగిలింది నాది. గద్ద పేలిపోయింది. పదకొండు మందీ "అరెరే, నువ్వే కొట్టుకున్నవు కదనే!" అన్నారు ఆయనతో. ఆయన నమ్మాడు. నేను కిమ్మనలేదు. ఆయన మళ్లీ జాయ్‌స్టిక్ ముట్టలేదు.

అది దాచుకున్నది చాలక, దాని మీదే విందులో నవ్వించాను.

ఎల్లారెడ్డి బస్టాండులో దిగేసరికి పదకొండు దాటింది. ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచి చూస్తే, అన్న కుర్చీలో కూర్చుని గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. క్యాలెండరులో అంతసేపు చూడాల్సింది నాకు తెలిసి ఏమీ లేదు. అక్క నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వదినె చాయ్ తెచ్చింది.

"చెల్లె," అన్నాడు అన్న క్యాలెండరుతో. "వచ్చినాయనకు చక్కెర సరిపోయిందో లేదో అడుగు."

వచ్చినాయన. ఆ మాటకు చాయ్ కప్పు కింద పెట్టేశాను.

"సరిపోయిందని చెప్పక్కా," అన్నాను.

అక్క ఇద్దరి వైపు చూసింది. "మీ ఇద్దరి నడుమ మూరెడు జాగ లేదు. గీ మూరెడు జాగలకెళ్లి మాటలు మొయ్యనీకి నేను నిజాంసాగర్ నుంచి రావాల్నా? ఇగో, రెండు గంటలకు నా బస్సు. అప్పటికి తెగ్గొట్టుండ్రి. తెగకపోతే గీ పెట్టె తీస్కపోయి కాల్వల ఏస్త. అటెన్క మీరెట్ల మాట్లాడుకుంటరో మీ ఇష్టం, నేనైతే ఉండ."

ఆమె రవ్వంత కూడా పెంచి చెప్పలేదు. అక్క బస్సెక్కితే మా ఇద్దరి మధ్య తీగ తెగినట్టే. ఈ పూట మాట కలవకపోతే మళ్లీ మేం ముగ్గురం ఒకచోట కూర్చోవడానికి ఎవరి పెళ్లో, ఎవరి చావో రావాలి.

అన్న లేచి కొత్త తువ్వాల ఒకటి నేల మీద పరిచాడు. భూమి పంచినప్పుడు కాగితాలు పెట్టింది కూడా ఇట్లాంటి తువ్వాల మీదే. పెట్టెలోంచి ఒక్కొక్కటే తీసి పాళ్లు పెట్టాడు. మొదటి పాలు: ఆట మిషను, దానికి అతికి ఉన్న రెండు జాయ్‌స్టిక్కులు. రెండోది: ఇటుకల ఆట, మీసాలవాడి ఆట, బాతుల ఆట, తొమ్మిదివేల ఆట, తుపాకీ. మూడోది: ట్యాంకుల క్యాసెట్టు. ఒక్కటే. ఒంటరిగా. పెట్టి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

నేను చూస్తూ ఉండిపోయాను. మిషను తీసుకున్నవాడి దగ్గర ఒక్క ఆటా ఉండదు. ట్యాంకులు తీసుకున్నవాడి దగ్గర అది పెట్టడానికి మిషను ఉండదు.

"మిషను నడుస్తదా?" అని అక్క అడిగింది.

"మొన్న టీవీకి పెట్టి చూసిండు. ఎర్ర లైటు ఎలిగింది," అంది వదినె వంటింటి తలుపు దగ్గర్నుంచి. "నాలుగు రోజుల సంది గిదే పని. పాళ్లు పెడ్తడు, మారుస్తడు, మల్ల పెడ్తడు. దుకాణంల మేకులు కొనేటోళ్లను నిలబెట్టి వచ్చి మరీ పెడ్తడు."

"నిన్నెవలడిగిండ్రు?" అన్నాడు అన్న.

గోడ గడియారంలో పన్నెండున్నర. అక్క సంగతి నాకు తెలుసు, ఇటుకల ఆట ఉన్న పాలు తప్ప ఇంకోటి ముట్టదు. అంటే మిగిలినవి రెండు. నేను ఏది ఎత్తితే రెండోది అన్నకు. ట్యాంకులు తీసుకుంటే, "ఇగో, నవ్వేందుకు ఇంకో సాక్ష్యం పట్టుకపోయిండు" అనుకుంటాడు. మిషను తీసుకుంటే, "ఆ ఆట వాని కండ్లకు ఆనలేదు" అనుకుంటాడు. ఆయన ఏది ఎత్తమంటున్నాడో ఆయన ముఖంలో వెతికాను. ముఖం క్యాలెండరు వైపు ఉంది.

"కోరుకో తమ్మీ," అంది అక్క.

నా వేలు మోకాలి మీది నుంచి లేవలేదు. ఆ వేలు బరువు అప్పుడు తూచి ఉంటే మా అన్న దుకాణంలోని ఇనుప చువ్వల కట్టంత ఉండేది.

"ఆలోచించుకుంటున్న అని చెప్పు."

"ఇన్నవా అన్నా? ఆలోచించుకుంటున్నడట."

"ఆలోచనెందుకని అడుగు. ట్యాంకుల క్యాసెట్టే తీస్కపొమ్మను. తీస్కపోయి మాచారెడ్డిల సంత పెట్టుమను. గద్ద బావ గద్దను కొట్టిన క్యాసెట్టు గిదేనని ఇల్లిల్లు తిప్పి చూపెట్టుకొమ్మను. మెడల దండ గూడ నేనే ఏసి పంపుత."

అక్క అది నాకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. గడియారం ఒంటిగంట కొట్టింది. ఒక్క గంటే కొట్టినా, నాకు నలభై వినిపించాయి.

"అక్కా, అన్నకొక మాట చెప్పాలె."

"చెప్పు."

ఆమె చెవి దగ్గరికి వంగి చెప్పాను. మూడే మూడు ముక్కలు. అక్క వెనక్కి జరిగి నన్ను ఒక చూపు చూసింది. చిన్నప్పుడు నేను సంక్రాంతి అరిసెలు దొంగిలించినప్పుడు కూడా అంత చూపు చూడలేదు.

"గిది నేను చెప్ప."

"అక్కా..."

"చక్కెర సరిపోయిందా, చాయ్ చల్లబడ్డదా, గిసుంటియి మోస్త. గిది నేను మొయ్య. నీ నోటితోని నువ్వే చెప్పు. మూడేండ్ల కింద ఫంక్షన్ హాల్ల ఎవలన్న సాయం వచ్చిండ్రా నీ నోటికి?"

గుమ్మం వైపు చూశాను. చెప్పులు దగ్గర్లోనే ఉన్నాయి.

"అన్నా. ఆ రోజు గద్దను కొట్టింది నేను. నీ గుండు కాదు."

అన్న తల తిప్పలేదు. కానీ క్యాలెండరు చూడటం మానేశాడని నాకు తెలిసింది.

"చెల్లె," అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "ఎందుకు కొట్టిండో అడుగు."

"నక్షత్రాలన్నీ నువ్వే తీసుకుంటున్నవని," అన్నాను నేను, అక్క అడగకముందే. "ఆరుకు ఆరు."

అప్పుడు తిరిగాడు. కుర్చీతో సహా తిరిగాడు.

"నక్షత్రాలు నేను తీస్కోకపోతే గద్దనెవడు కాపాడుతుండెరా, నీయవ్వ!"

"ఆమె నాక్కూడా అవ్వేనే అన్నా," అంది అక్క.

వంటింట్లో వదినె ఫక్కున నవ్వింది. నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుంది. అన్న నవ్వలేదు. తను నాతో మాట్లాడేశానన్న సంగతి ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. ముఖం ఎర్రబడింది, మళ్లీ అక్క వైపు తిరిగాడు. తెరుచుకున్న తలుపు ఇట్టే మూసుకుపోయింది.

"గా మాట ఈడ చెప్తె ఏం లాభం? నాలుగు గోడలు ఇన్నయి. మాచారెడ్డిల చెప్పుమను."

ఫోన్ తీశాను. పెళ్లికొడుకు చిన్నాయన నంబరు నొక్కి, గొంతు అందరికీ వినబడేట్టు పెట్టి, తువ్వాల పక్కన ఉంచాను. అవతల పొలంలో ఉన్నట్టున్నాడు, మోటారు చప్పుడు.

"ఓ బావా! ఎన్నాళ్లకు! మా గద్ద బావ మంచిగున్నడా?"

అన్న దవడ బిగిసింది.

"బావా, ఒక మాట చెప్దామని చేసిన. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. గద్దను కొట్టింది మా అన్న కాదు. నేను కొట్టిన. అన్నం తినకపోవుడు ఒక్క పూటనే. దొర్లలేదు, దినం గినం ఏం లేదు."

నా జీవితంలో ఇంత బక్క కథ ఎన్నడూ చెప్పలేదు. మధ్యలో "ఆ గుండు శబ్దానికి మా ఇంటి పెంకులు లేచిపోయాయి" అని ఒక్క వాక్యం నాలుక చివర్న వచ్చి నిలబడింది. పళ్లు బిగించి లోపలికి తోసేశాను.

అవతల నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వే నవ్వు.

"ఊకో బావా! నువ్వు చెప్తవు, నేను నమ్ముత! అన్న అలిగిండని నెత్తి మీద ఏస్కుంటున్నవు గని, గిది అప్పటిదంత మంచిగ లేదు. అప్పటిదే మంచిగుండె. గా దొర్లుడు చెప్పు మల్లొక్కసారి, మావోళ్లు ఈన్నే ఉన్నరు, ఇంటరు."

"నిజం బావా. ఒట్టు."

"నీ ఒట్టుకు ఇలువెంత? ఓ ఇనుండ్రిరా, గద్ద బావ తమ్ముడు ఒట్టేస్తున్నడు!"

నలుగురైదుగురు నవ్విన చప్పుడు. జీవితకాలం పోగు చేసుకున్న నా కీర్తి అంతా ఒక్కచోట కూడి నా గొంతు పట్టుకుంది. నిజం చెప్పడానికి మూడు మాటలు కూడా నా దగ్గర లేవు. అక్క వైపు చూశాను. అక్క గడియారం వైపు చూసింది. ఒకటిన్నర.

ఫోన్ నేల మీది నుంచి లేచింది. అన్న చేతిలో ఉంది.

"ఏమయ్యా!" అన్నాడు. ఇనుప దుకాణంలో అరువు అడిగేవాళ్లకు తప్ప ఆ గొంతు బయటికి రాదు. "వాడు నిజమే చెప్తున్నడు! వాడే కొట్టిండు! నువ్వు నవ్వుడు బంజెయ్యి. మా తమ్ముడు ఎప్పుడు అబద్ధమాడ్తడో ఎప్పుడు ఆడడో నాకెర్క, నీకేం ఎర్క? పదకొండేండ్లప్పుడే వాడు గసుంటోడు! సొంత గద్దను కొట్టి, పక్కపొంటి కూసోని, నాకు మంచినీళ్లు తెచ్చిచ్చిండు దొంగ!"

మంచినీళ్ల సంగతి నేను మరిచిపోయాను. ఆయన మరవలేదు.

అవతల నవ్వు ఆగింది. "గట్లనా బావా? మరి నేను గిన్నాళ్లు... ఇగ ఏమని పిల్వాలె నిన్ను?"

"బావ అని పిలువు. పుట్టినప్పుడు నీకు మాటలు నేర్పలేదా?"

ఫోన్ తువ్వాల మీద పెట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. నాకు "అన్నా" అనాలని ఉంది, కానీ ఆ ఒక్క మాటతో ఉన్నదీ చెడుతుందేమోనని భయం. ఆయన నాకోసం మాట్లాడాడు. నాతో మాట్లాడలేదు. ఆ రెండూ వేరు.

"కోరుకోరా, నా బస్సు పోతది," అంది అక్క.

ట్యాంకుల క్యాసెట్టు వైపు చూశాను. అట్ట చిరిగిపోయింది. మూలన బాల్‌పెన్నుతో పసుపు అని ఒక మాట, పచ్చ అని ఒక మాట. మా అన్న రాసినవే. లోకంలోని ఆటలన్నిటినీ కుప్ప పోసి ఒకటి ఎత్తుకోమంటే నేను కళ్లు మూసుకుని ఎత్తేది దాన్నే. దాన్ని ఆయనకే మిగల్చాలని, వేలు చాచి మిషను మీద పెట్టాను.

అక్క తన పాలు ఒడిలోకి లాక్కుని, తుపాకీ సంచిలో పెట్టుకుంది. తువ్వాల మీద క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. అన్న దాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కింద తెరిచి ఉన్న భాగంలో ఒకసారి గట్టిగా ఊదాడు. ముప్పై ఏళ్ల దుమ్ము లేచి అక్క తుమ్మింది. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు పట్టలేదు. సగం బయటికే ఉంది.

నేను గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, "పోయొస్త," అన్నాను, ఎవరితోనని లేకుండా. వదినె మంచిది అంది. ఆయన దుకాణం తాళాలు వెతుక్కున్నాడు. అక్కను బస్సెక్కించాను. ఆమె కిటికీలోంచి చెయ్యి చాచి నా నెత్తి మీద మెల్లగా ఒకటి కొట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయింది. డ్యాము గేట్లు మూసుకుంటే ఎంత నిశ్శబ్దమో అప్పుడు తెలిసింది.

కామారెడ్డి బస్సులో మిషను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇది తీసుకుని తప్పు చేశానా? ఆయన జేబులో క్యాసెట్టు, నా ఒళ్లో డబ్బా. మధ్యలో గంటంబావు దారి. కుర్చీతో సహా తిరిగి తిట్టిన ఆ ఒక్క తిట్టు లెక్కలోకి వస్తుందా, రాదా? లింగంపేట వచ్చేదాకా ఆ తిట్టునే నెమరేసుకున్నాను. 'నీయవ్వ' అన్న మాటలో ఇంత తీపి ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

లింగంపేటలో బస్సు ఆగినప్పుడు ఫోన్ మోగింది. తెర మీద 'అన్న' అని ఉంది. మూడేళ్లుగా ఆ మాట ఆ తెర మీద వెలగలేదు. మూడు మోతల దాకా ఎత్తలేకపోయాను.

"అన్నా."

దగ్గు. గొంతు సవరింపు. వెనకాల ఎవరో మేకుల ధర అడుగుతున్నారు.

"ఆడాప్టర్ ఈన్నే ఉన్నది."

"ఆ?"

"మిషన్‌కు కరెంటిచ్చే డబ్బా. మొన్న పెట్టి చూసిన కదా, టీవీ ఎన్కాల ప్లగ్గులనే ఉండిపోయింది. అది ఏ పాల్ల రాలేదు."

"అంటే?"

"అంటే ఏందిరా? పంపకం తప్పయింది. మల్ల పెట్టాలె. వచ్చే ఐతారం రా. అందరం ఉండాలె, చెల్లెక్కూడా ఫోన్ చేసిన, తిట్టుకుంట వస్తనంది." గొంతు తగ్గించాడు. "మిషను తెచ్చుకో. ఒట్టిగ పాళ్లు పెడ్తె అది నడుస్తదో లేదో ఎట్ల తెలుస్తది? ఒక్కసారి పెట్టి చూస్తం."

"తెస్త."

"మొదటి జాయ్‌స్టిక్ నాదే. ముందే చెప్తున్న."

"నీదే అన్నా." బస్సు కదిలింది. ఇంటావిడ హెచ్చరిక గుర్తొచ్చింది, కానీ నోరు ఊరుకుంటేగా. "నక్షత్రం వస్తే?"

అవతల ముందు ఎవరికో మేకుల ధర చెప్పాడు.

"ఎవడు దగ్గరుంటే వాడు తీస్కోవాలె," అన్నాడు మా అన్న. "చూద్దాం తియ్."